సెల్లార్‌లో సరంగు

హైదరాబాదులో తెరచాప పడవ కొన్నవాణ్ణి చూసి నవ్వేవాళ్ళకు ఈ ఊరి సంగతి తెలియదని నా వాదన. ఈ ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, నిజమే. సూర్యలంక తీరానికి రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైచిలుకు, అదీ నిజమే. అయినా 1560ల్లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా హయాంలో కట్టిన హుస్సేన్ సాగర్ మీద ఏటా దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు తెరచాపలెత్తి పందేలు వేసుకుంటున్నారు. సికింద్రాబాదు ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ వాళ్ళ సెయిలింగ్ వీక్ ఉంది. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వాళ్ళ మాన్సూన్ రెగట్టా ఉంది. వానాకాలం పడమటి గాలి ఊపందుకోగానే సర్కారు బడుల పిల్లలు, గురుకులాల పిల్లలు చిన్న చిన్న ఆప్టిమిస్ట్ పడవల్లో బుద్ధుడి ముందు నుంచే దూసుకుపోతుంటారు. వాళ్ళ పడవలకూ నా పడవకూ తేడా ఒక్కటే. వాళ్ళవి నీళ్ళలో ఉంటాయి.

నాది కొండాపూర్‌లో, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, జనరేటర్ గదికీ మా కారుకీ మధ్య ఉండేది. పదిహేడు అడుగులు. ఫైబర్ గ్లాసు. లోపల ఒక బుల్లి గది, అందులో ఇద్దరు పడుకునే చోటు. ఇద్దరూ ఒకేసారి పక్కకు తిరగాలనుకోకూడదు, అంతే.

మాది అనంతపురం జిల్లా. జైసల్మేర్ తర్వాత దేశంలో అంత తక్కువ వాన పడేది మా దగ్గరేనని బడిలో గర్వంగా చెప్పుకునేవాళ్ళం. నాకు తెలిసిన సముద్రమల్లా బుక్కరాయసముద్రం చెరువు. ఇలాంటివాణ్ణి ఆన్‌సైట్ పేరుతో సియాటిల్ పంపించడం ఎవరి ఆలోచనో గానీ, జరిగినదానికంతా బాధ్యత వాళ్ళదే. అక్కడ లేక్ యూనియన్ ఒడ్డున సెంటర్ ఫర్ వుడెన్ బోట్స్ అని ఒక సంస్థ ఉంది. ఆదివారాలు ఊళ్ళోవాళ్ళను ఉచితంగా తెరచాప పడవెక్కించి తిప్పుతారు. ఉచితమన్నారని ఎక్కాను. ఒడ్డుకైతే దిగాను గానీ, ఆ పడవ ఇంకా దిగలేదు.

మా టీములో ఒక తెల్లాయన ఉండేవాడు. శుక్రవారం సాయంత్రం కారు వెనక ట్రైలర్ తగిలించి, దాని మీద కాటలినా 22 అనే పడవతో ఆఫీసుకే వచ్చేవాడు. ఆ మోడల్ 1970 ప్రాంతం నుంచి 15,000కు పైగా తయారైంది. అడుగున బరువు కోసం ఉండే కీల్‌ను పైకి లాగేయొచ్చు, తెరచాప స్తంభాన్ని పడుకోబెట్టేయొచ్చు, చెరువు గట్టున వాలుగా ఉన్న చోట ట్రైలర్‌ను వెనక్కి దించితే పడవ తనే తేలుతుంది. రెండు రాత్రులు నీళ్ళ మీద గడిపి సోమవారం పొద్దున స్టాండప్‌కు వచ్చేవాడు. ఆ మీటింగులో ప్రశాంతంగా కనిపించే మనిషి ఆయనొక్కడే. ఆ ప్రశాంతత పడవలోంచి వచ్చిందని నేను అనుకున్నాను. ఆయనకు పెళ్ళి కాలేదన్న సంగతిని లెక్కలోకి తీసుకోలేదు.

తిరిగొచ్చాక మాదాపూర్‌లో నా సీటు కిటికీ పక్కన పడింది. కిటికీలోంచి దుర్గం చెరువు. గోల్కొండ కోటకు మంచినీళ్ళిచ్చిన చెరువు అది. ఇప్పుడు అందరూ అక్కడికి వెళ్ళేది 2020లో కట్టిన తీగల వంతెన ముందు ఫొటో దిగడానికి. నాకు వంతెన కనిపించేది కాదు. వంతెన కింద నీళ్ళు, నీళ్ళ మీద గాలి, గాలికి తెరచాప. ఇంత మత్తులో ఉండగా, తీరం వెంట ఒక ఊళ్ళో ఒక పెద్దమనిషి పాతికేళ్ళ పడవను ట్రైలర్‌తో సహా అమ్ముతున్నాడని తెలిసింది. మోకాళ్ళ నొప్పుల వల్ల అమ్ముతున్నానన్నాడు. బోనస్ అప్పుడే ఖాతాలో పడింది. మిగతాది ఊహించుకోండి.

మా ఆవిడ శైలజకు తర్వాత నెమ్మదిగా చెబుదామనుకున్నాను. పడవను ఎక్కించుకొచ్చిన డీసీఎం వ్యాను డ్రైవరు అంత నెమ్మదస్తుడు కాడు. నేను ఫోన్ ఎత్తకపోయేసరికి రెండో నంబరుకు చేశాడు. శైలజ టెస్టింగ్ లీడ్. రిలీజ్ కాల్ మధ్యలో ఉంది. స్పీకర్ మీద నొక్కింది.

"మేడమ్, సార్ ఫోన్ ఎత్తుతలేడు. పడవ తెచ్చిన. ఏడ దింపాలె?"

ఆమె టీము మొత్తం విన్నది. ఆ రిలీజులో ఎవరూ ఇంకేమీ మాట్లాడలేదట.

ఇంటికి వెళ్ళేసరికి కేకలేమీ లేవు. అదే భయం. డెవలపర్‌ను పెళ్ళాడిన టెస్టర్ కేకలు వేయదు, ప్రశ్నలడుగుతుంది. "ఎక్కడ నడుపుతారు? ఎవరు నేర్పారు? గాలి లేకపోతే? గాలి ఎక్కువైతే? గాలి ఎదురొస్తే?" చివరిది నాకు వచ్చిన ప్రశ్న. గాలికి ఎదురుగా ఏ తెరచాప పడవా తిన్నగా పోలేదు శైలూ, ఇటు 45 డిగ్రీలు, అటు 45 డిగ్రీలు తిప్పుకుంటూ అడ్డదిడ్డంగా పైకెళ్ళాలి, అని కాగితం మీద గీసి చూపించాను.

"అంటే ఎదురుగా కనిపించే కిరాణా కొట్టుకు పోవడానికి కొత్తగూడ దాకా వెళ్ళి యూ-టర్న్ కొట్టుకొచ్చినట్టు."

"సరిగ్గా పట్టుకున్నావ్!"

"అది రోజూ ఊరికే చేస్తున్నాంగా. డబ్బిచ్చి మరీ ఎందుకండీ?"

వేగం ఎంత అని అడిగింది. ఇక్కడ నేను తెలివిగా నోరు మూసుకోవలసింది. కానీ ఇంజనీరుకు ఫార్ములా తెలిస్తే ఆగదు. నీటిమట్టం దగ్గర పడవ పొడవు ఎన్ని అడుగులో దానికి వర్గమూలం తీసి 1.34తో గుణిస్తే ఈ రకం పడవ గరిష్ఠ వేగం నాట్లలో వస్తుంది. మనది నీటి దగ్గర పదిహేను అడుగులు, అంటే 5.2 నాట్లు, అంటే గంటకు తొమ్మిదిన్నర కిలోమీటర్ల పైచిలుకు, అది కూడా గాలి దయతలిస్తే. ఆమె ఏమీ అనలేదు. రాసుకుంది.

చరిత్రను అడ్డం పెట్టుకుందామని చూశాను. మనది నావికుల జాతి, రెండో శతాబ్దంలో శాతవాహన యజ్ఞశ్రీ వేయించిన నాణేల మీదే రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది, అన్నాను. "ఆయన నాణెం మీద వేసుకున్నాడు. మీరు నాణేలన్నీ దాని మీద వేశారు" అంది. ఆఖరికి మోటుపల్లి శాసనం దాకా వెళ్ళాను. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు లాక్కునేవాళ్ళు. 1244లో కాకతీయ గణపతిదేవుడు, ఇకమీదట అలా చెయ్యం, సుంకం మాత్రం కట్టి నిర్భయంగా రండి, అని సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు. నా పడవ కూడా దారితప్పి కొట్టుకొచ్చిందే కదా, నువ్వూ ఒక అభయ శాసనం వేయించవా, అన్నాను.

ఇది ఆమెకు నచ్చింది. వేయించింది. పడవను తుక్కుకు అమ్మనంది. కానీ సుంకం ఉంది. గణపతిదేవుడు ముప్పయ్యో వంతుతో సరిపెట్టుకున్నాడు. ఈమె వంటిల్లు మొత్తం నా పేర రాసింది. "ఆ పడవ తడిసేదాకా రెండు పూటలా వంట మీది." ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అంటించింది కూడా. కాగితం కింద నా సంతకం ఉంది. చదవకుండా పెట్టలేదు. చదివి, నెలలో తడుస్తుందిలే అనుకుని పెట్టాను.

తర్వాతి పిడుగు అపార్ట్‌మెంట్ సంఘం. ఇది వాహనమా, సామానా? వాహనమైతే స్టిక్కరేదీ? సామానైతే పార్కింగ్‌లో ఎందుకుంది? గ్రూపులో రోజూ ఇదే. జనరల్ బాడీ మీటింగుకు నేను 1988 మోటారు వాహనాల చట్టం పట్టుకెళ్ళాను. నా జీవితంలో చట్టం నా పక్షాన ఉన్న ఒకే సందర్భం అది. మోటారు వాహనమనే నిర్వచనంలో ట్రైలర్ కూడా ఉంది, మోటారు లేకపోయినా సరే. కాబట్టి ఇది వాహనం, దాని మీదున్నది దాని లోడు. సెక్రటరీగారు రిటైర్డ్ తెలుగు లెక్చరర్. కళ్ళజోడు పైకి తోసుకుని, "అయితే దానికి నంబరు ప్లేటు ఏదయ్యా?" అన్నారు. చట్టం నా పక్షాన ఉన్నది అక్కడిదాకానే. రిజిస్ట్రేషన్ ఏజెంటు దగ్గర కూర్చున్నాను. "బండి ఏది సార్?" "ట్రైలర్." "దాని మీద ఏం లోడ్ చేస్తరు?" "పడవ." ఫారం మడతపెట్టి నా చేతికిచ్చి, టీ తాగుతారా అని చాలా ఆప్యాయంగా అడిగాడు.

వేసవంతా బాగుచేయించడంలో పోయింది. రాణిగంజ్‌లో దొరకని తాడు లేదు, కొక్కెం లేదు. ఏ దుకాణానికి వెళ్ళినా, బోరు మోటారు దించడానికా, అనేవారు. అవునన్నప్పుడు ధర తగ్గేది. పడవకని చెబితే పెరిగేది. అందువల్ల మా లెక్కల పుస్తకంలో ఇప్పటికీ రెండు బోర్లు ఉన్నాయి. తెరచాప ఎండకు పెళుసెక్కి అంచుల్లో చిరిగింది. నైలాన్ కాదు, అది గట్టి పాలిస్టర్ బట్ట. కుట్టడానికి మామూలు మిషన్ పనికిరాదు. షామియానాలు కుట్టే ఒక పెద్దాయనను పట్టుకున్నాను. బట్టను నేల మీద పరిచి, చుట్టూ నడిచి, చాలాసేపు ఆలోచించి, "మూడు మూలలే ఉన్నయి. నాలుగో కట్టె ఏడ పాతుతరు?" అని అడిగాడు. వివరించాను. తలూపి, కుట్టు మాత్రం అద్భుతంగా వేశాడు. మూలల్లో బలానికి వేసిన అతుకులు పెళ్ళి పందిరి ఎరుపు. అవి చూసిన ప్రతివాడూ శుభమా అని అడుగుతాడు.

ఇక మిగిలింది నీళ్ళు. దుర్గం చెరువు గట్టున వాకబు చేస్తే, ఎవరి పడవ వాళ్ళు తెచ్చుకుని దించే పద్ధతి లేదన్నారు. పైగా గుర్రపుడెక్క పేరుకున్న రోజున నా కీల్ దానిలో ఇరుక్కుంటే, నన్ను బయటికి లాగడం మా ఆఫీసు కిటికీల్లోంచి అందరూ చూస్తారు. గండిపేట, 1908 మూసీ వరదల తర్వాత కట్టిన చెరువు, తాగే నీళ్ళు. అందులో పడవ వేయాలన్న ఆలోచనకే శైలజ అదోలా చూసింది. నాగార్జునసాగర్ దాకా లాగుదామంటే మన కారుకు వెనక కొక్కెం లేదు. ఉన్నా లాగలేదు. డీసీఎంకు మళ్ళీ ఫోన్ చేద్దామంటే డబ్బుల్లేవు. నేను కొన్నది రోడ్డు మీద ఎక్కడికైనా లాక్కుపోగల పడవ. రోడ్డు మీద ఎక్కడికీ పోదన్నమాటే గాని, మిగతా అన్ని చోట్లకూ పోగలదు.

హుస్సేన్ సాగర్ క్లబ్బులో ముందు నేర్చుకోవాలన్నారు. వెళ్ళాం, అందరం. చిన్న ఇద్దరి పడవ. పాఠం మొదలైన కాసేపటికే తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య, బూమ్ అంటారు, ఇటునుంచి అటు వచ్చి నా నుదుటిని పలకరించింది. గాలి వెనకనుంచి ఉన్నప్పుడు దిశ మారిస్తే అది హఠాత్తుగా తిరుగుతుంది, తల వంచాలి. ఈ విషయం నాకు పుస్తకంలో తెలుసు. శైలజకు మాత్రం ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. ఆమెది కోనసీమ. చుక్కాని పట్టుకున్న నాలుగో నిమిషానికి చేతిలో తాడు సడలించడం, లాగడం, ఎటు గాలి వస్తుందో నీటి మీద ముడతలు చూసి చెప్పడం. గురువుగారు మురిసిపోయారు. మా పాప ఆప్టిమిస్ట్‌లో చేరింది. ఇప్పుడు ఆదివారాలు తల్లీకూతుళ్ళు సాగర్‌లో, నేను గట్టున టిఫిన్ క్యారియర్‌తో.

ఎవరైనా నన్ను మెచ్చుకోబోతే శైలజ ఒక లెక్క చెబుతుంది. ఐఎన్ఎస్‌వీ తరిణి మీద ఆరుగురు నేవీ అమ్మాయిలు 2017 సెప్టెంబరులో గోవాలో బయలుదేరి, 254 రోజుల్లో భూమిని చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. అందులో ఒకమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య మన హైదరాబాదే, స్వాతి విశాఖ. "మావారు కూడా అదే పనిలో ఉన్నారండీ. జనరేటర్ గది దాటాల్సి ఉంది."

ఒక విషయం మాత్రం ఎవరికీ చెప్పలేదు. రాత్రి ప్రయాణాలు నేను చేశాను. ఇంట్లో మాట పెరిగిన రాత్రుల్లో దిండు, దోమల బ్యాటు తీసుకుని లిఫ్టులో దిగి, ట్రైలరెక్కి, ఆ బుల్లి గదిలో పడుకునేవాణ్ణి. సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు. ఆన్‌కాల్ ఫోను మోగదు. కాలిఫోర్నియా నిద్రలేచినా నాకు తెలియదు. కరెంటు పోయినప్పుడు పక్కన జనరేటరు మొదలయ్యేది, పడవ కాస్త వణికేది. అది ఓడ ఇంజను అనుకోవడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు. వాచ్‌మన్ ఒకసారి టార్చి వేసి చూసి, "సార్, మేడమ్ ఎళ్ళగొట్టిందా?" అన్నాడు. లేదు, క్రూయిజ్, అన్నాను. అతనికి రెండింటికీ తేడా తెలిసినట్టు లేదు. ఆ మాటకొస్తే నాకూ అంతగా తెలియదు.

ఆగస్టులో ఆ వాన వచ్చింది. ఈ ఊరి సెల్లార్లు వానకు ఏమవుతాయో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబరులో వీధుల్లోనే పడవలు తిప్పిన ఊరిది. అర్ధరాత్రి ర్యాంపు మీంచి నీళ్ళు దూకుతున్నాయని గ్రూపులో మెసేజ్. అందరూ కిందికి పరుగెత్తారు. అప్పుడు జరిగింది చూడాలి. ఇన్నాళ్ళూ నా పడవను తీసేయమన్నవాళ్ళంతా దాని చుట్టూ చేరారు. పిల్లల సైకిళ్ళు, స్టెప్నీ టైర్లు, ఎవరో ఊరి నుంచి తెచ్చుకున్న బియ్యం బస్తా, సెక్రటరీగారు సెల్లార్ బీరువాలో దాచిన పాత పత్రికల కట్టలు, అన్నీ నా పడవలోకి. "నువ్వు ముందుచూపు ఉన్నవాడివయ్యా" అన్నారు సెక్రటరీగారు. నేను వెనక నిలబడి, చుక్కాని కర్ర మీద చెయ్యి వేసి, వినయంగా తల వంచాను. సరంగుగా నా వృత్తి జీవితంలో అది శిఖరం.

నీళ్ళు నడుము దాకా వచ్చాయి. పడవ లేవలేదు. ట్రైలర్‌కు పట్టీలతో కట్టి ఉంది, అందుకని అనుకున్నాం. ఇంతలో లోపల బియ్యం బస్తా తడిసిందని ఎవరో అరిచారు. ఇలాంటి పడవలకు వెనకవైపు అడుగున బొటనవేలు దూరేంత రంధ్రం ఉంటుంది. గట్టు మీద ఉన్నప్పుడు లోపల పడ్డ వాననీళ్ళు పోవడానికి దాన్ని తెరిచి ఉంచాలి, నీళ్ళలో దించే ముందు బిరడా బిగించాలి. నేను నియమం ప్రకారమే తెరిచి ఉంచాను. బిరడా పోకుండా నాలుగో అంతస్తులో, మా వంటింట్లో, పోపులపెట్టె పక్కన భద్రంగా పెట్టాను. లిఫ్టు ఆగిపోయింది. నేను మెట్లెక్కి దిగేసరికి మొత్తం అపార్ట్‌మెంట్ సంపద చక్కగా నాని ఉంది. సెక్రటరీగారి పత్రికలను మాత్రం ఆ తర్వాత టెర్రస్ మీద దండేలకు వేసి నేనే ఆరబెట్టాను, తేదీల వరసలో.

ఇంత నష్టంలోనూ నాకు ఒక ఆశ కలిగింది. పొద్దున్నే ఫ్రిజ్ దగ్గర నిలబడి, "పడవ తడిసింది" అన్నాను. శైలజ కాగితం చూసింది, నన్ను చూసింది. "బయటినుంచి తడవాలి, లోపలినుంచి కాదు. ఫెయిల్." ఉప్మాకు ఉల్లిపాయలు కోశాను.

వినాయక చవితి వచ్చింది. నిమజ్జనానికి వ్యాన్ దొరకలేదని కమిటీ కుర్రాళ్ళు వచ్చి, సార్, మీ ట్రైలర్ ఇస్తారా, అన్నారు. పడవను దించి పాత టైర్ల మీద కూర్చోబెట్టాం. ట్రైలర్‌కు అరటి బోదెలు కట్టి, గణపతిని ఎక్కించి, తీన్‌మార్ డప్పులతో అందరూ తోసుకుంటూ బేబీ పాండ్ దాకా తీసుకెళ్ళారు. దించడానికి వీలుగా ట్రైలర్‌ను వెనక్కి నీళ్ళలోకి నెట్టారు. పడవ కంటే ముందు దాని బండి నీళ్ళు చూసింది. దీనికి మార్కులేమైనా ఉంటాయేమోనని శైలజ వైపు చూశాను. పాపతో కలిసి డాన్సు చేస్తోంది, పట్టించుకోలేదు.

చివరికి ఈ పడవను ఒడ్డున పడేసింది మా మామగారు. పండగకొచ్చి, టైర్ల మీదున్న పడవ చుట్టూ తిరిగి, వేళ్ళతో తట్టి, "బాగుందండి అల్లుడుగారు. గాలిలోనే పెట్టేరేటండి?" అన్నారు. ఆయన తాతగారు ధాన్యం పడవల మీద కాకినాడ పంపేవారట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర తవ్వించిన కాలువలు సాగుకే కాదు, రవాణాకూ. బకింగ్‌హామ్ కాలువతో కలిపి కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవలోనే పోయేవాళ్ళు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీంచి మనుషులు తాడు కట్టి లాగడం. "పంపేయండి, ఆయ్. మా కాలవలో ఉంటది" అన్నారు. డీసీఎం ఖర్చు ఆయనే పెట్టుకున్నారు. అదే డ్రైవరు వచ్చాడు. పడవను గుర్తుపట్టి నాకు నమస్కారం పెట్టాడు.

అక్కడ కాగితాలకూ ఇబ్బంది రాలేదు. 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం, యంత్రం లేని పడవల పేర్లు స్థానికంగా నమోదు చేయించుకోమంటుంది. మామగారికి స్థానికం అంటే ఇంటి ఎదురు అరుగు. వారానికి వీడియో కాల్ వచ్చింది. పడవ నీళ్ళ మీద ఉంది. కాలువ వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయని స్తంభం పడుకోబెట్టేశారు, గెడ వేసి తోస్తున్నారు. నేను పడుకున్న గది నిండా కొబ్బరికాయలు. పెళ్ళి పందిరి అతుకుల తెరచాప ధాన్యం మీద కప్పారు. "బిరడా బిగించేరా మావయ్యగారూ?" అన్నాను. ఆయన నవ్వి, పిలక తీసిన కొబ్బరికాయ ఒకటి కెమెరా ముందు ఆడించారు.

ఫోను శైలజ ముందు పెట్టాను. బయటినుంచే తడిసింది, చూడు. ఆమె వీడియోను పెద్దది చేసి మూలమూలా వెతికింది. "మీరు అందులో లేరుగా" అంది.

"నేను ఉండాలని ఒప్పందంలో లేదు."

"తడిసిందని ధ్రువీకరించేవాళ్ళు అక్కడ ఉండాలి కదండీ. టెస్టింగ్‌లో మొదటి పాఠం."

ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు, ఈలోపు రండి, కాయలు దించేసి ఒక రాత్రి పడవ మీకే వదిలేస్తాను, అన్నారు మామగారు. టిక్కెట్లు తీశాం. చుక్కాని శైలజది, అందులో చర్చ లేదు. దోమతెర పాప బాధ్యత. లీవుకు కారణం అడిగితే క్రూయిజ్ అని రాశాను, మేనేజరు దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. నేను ప్రస్తుతం పులిహోరకు చింతపండు నానబెట్టాను. ఎందుకంటే నేను ఎక్కాకనే కదా పడవ తడిసినట్టు లెక్క. ఎక్కేలోపు దారి తిండి ఎవరిదని అడిగాను. ఆమె ఫ్రిజ్ వైపు వేలు చూపించింది.